పన్నెండు మంచుగడ్డలు

2015 డిసెంబరు. ప్యారిస్‌లో పాంథియాన్ భవనం ముందు పన్నెండు మంచుగడ్డలు గుండ్రంగా కొలువుతీరాయి, గడియారంలో అంకెల్లాగా. అన్నీ కలిపి 80 టన్నులు. మన చేపల రేవుల్లో కనిపించే ఐసు దిమ్మల్లా ఫ్యాక్టరీలో గడ్డకట్టినవి కావివి. గ్రీన్‌లాండ్ మంచు పలక నుంచి విరిగిపడి, నూక్ దగ్గర సముద్రపు పాయలో తేలుతున్న ముక్కలు. డైవర్లు, రేవు కార్మికులు వాటిని పట్టి ఒడ్డుకు చేరిస్తే, శీతల కంటైనర్లలో ఓడ మీద యూరప్‌కు వచ్చాయి.

అదే సమయంలో, నగర శివార్లలో నూట తొంభైకి పైగా దేశాల ప్రతినిధులు వాతావరణ ఒప్పందంలో ఒక్కో మాటకూ పట్టుబట్టి వాదించుకుంటున్నారు. ఇక్కడ నడివీధిలో మంచు కరిగిపోతోంది.

చుట్టూ తాళ్లు కట్టలేదు, ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డూ పెట్టలేదు. పిల్లలు గడ్డల్ని కావలించుకున్నారు. పెద్దవాళ్లు అరచేతులు ఆనించారు, చెవి పెట్టి విన్నారు. లోపల సన్నగా చిటపటలు. వేల ఏళ్ల కింద కురిసిన మంచు పొరలు పొరలుగా అణిగినప్పుడు అందులో చిక్కుకున్న గాలి, బుడగ పగిలి బయటపడుతున్న చప్పుడది. పొగగొట్టాలు పుట్టకముందు భూమి పీల్చిన గాలి. ఆనాడు పది లక్షల పాళ్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 పాళ్లు మించలేదు. ఇప్పుడు 420 దాటింది. ఈ అంకెలు ఎన్నోసార్లు చదివి మరిచిపోయాం. చెవిలో పగిలిన బుడగను మరిచిపోవడం అంత తేలిక కాదు.

‘ఐస్ వాచ్’ అనే ఈ ప్రదర్శన ఓలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు, గ్రీన్‌లాండ్‌లో పుట్టిన భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి చేసింది. 2014లో కోపెన్‌హాగన్‌లో మొదలై, ప్యారిస్ మీదుగా 2018లో లండన్ చేరింది. వాతావరణం కోసమంటూ ఇంత మంచును ఇంత దూరం మోసుకురావడమేమిటని అడిగినవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ప్యారిస్ ప్రదర్శనకు సుమారు 30 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఖర్చు పడిందని నిర్వాహకులే లెక్క బయటపెట్టారు. నా లెక్కలో ఆ ఖర్చు దండగ కాదు. గ్రీన్‌లాండ్ ఏటా పోగొట్టుకుంటున్న మంచు దాదాపు 27,000 కోట్ల టన్నులు. ప్యారిస్‌లో రోజుల తరబడి కరిగిన ఆ పన్నెండు గడ్డల బరువు, అక్కడ సెకనులో వందో వంతులో పోతోంది.

కరిగిపోయేదాన్ని చూపించడం ఒక పద్ధతి. పెరిగేదాన్ని నాటడం ఇంకో పద్ధతి. 1982లో జర్మనీలోని కాసెల్‌లో జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు ఒక మ్యూజియం ముందు 7,000 బసాల్టు రాతి స్తంభాలు గుట్టగా పోయించాడు. ఊళ్లో ఒక చెట్టు నాటితేనే గుట్టలోంచి ఒక రాయి కదలాలి, ఆ చెట్టు పక్కనే దాన్ని పాతాలి. గుట్ట తరగకపోతే పని సాగడం లేదని ఊరందరికీ తెలిసిపోతుంది! ఎన్ని మొక్కలు నాటామో ప్రకటనల్లో చెప్పి ఊరుకునే మనకు ఈ ఏర్పాటు ఎంత అవసరమో. గుట్ట మొత్తం కదలడానికి ఐదేళ్లు పట్టింది. 1986లో బాయిస్ కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఆఖరి మొక్కను ఆయన కొడుకు నాటాడు. నాటిన నాడు రాయి పక్కన పుల్లలా ఉన్న మొక్క ఇప్పుడు మాను. రాయి దాని కాళ్ల దగ్గర ఒదిగిపోయింది.

మళ్లీ మంచు దగ్గరికొద్దాం. గ్రీన్‌లాండ్ మంచు కరిగితే నీటిమట్టం ఎక్కువగా పెరిగేది దాని చుట్టుపక్కల కాదు. అంతటి మంచు రాశి తన ఆకర్షణతో సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంచుతుంది. మంచు తరిగితే ఆ పట్టు సడలి, నీళ్లు దూరపు తీరాలకు మళ్లుతాయి. మన బంగాళాఖాతమూ ఆ దూరపు లెక్కలోదే.

కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఏళ్లుగా ఊరిని కోసుకుపోతోంది. తప్పంతా మంచుదే అనలేం. గోదావరి తెచ్చే మట్టి తగ్గడం, రేవు కట్టడాలు, తీరం తీరు అన్నీ కలిశాయి. అక్కడి పెద్దవాళ్లు అలల వైపు చెయ్యి చాపి, మా వీధి అదిగో అక్కడుండేది అంటారు. మన కళాకారులు అక్కడికి వెళ్లాలని నా కోరిక. సిమెంటు బొమ్మలు వద్దు. పదేళ్లకొకటి చొప్పున, ఒకప్పుడు ఒడ్డు ఎక్కడుండేదో ఆ పెద్దల్నే అడిగి, సరిగ్గా అక్కడ నీళ్లలో ఒక్కో రంగు గుంజ పాతితే చాలు. చివరి గుంజ మాత్రం ఇప్పటి ఒడ్డున, పడవలు లాగిపెట్టే ఇసుకలో.