మాట తక్కువ... గోదారి ఎక్కువ!

పదిమందిలో కూచుంటే నోరు పెగలదు. ఇంటర్వెల్లో స్నేహితులంతా గలగలా మాట్లాడుకుంటుంటే మీరు మాత్రం గోడమీది పోస్టర్లు చూస్తూ నుంచుంటారు. "అబ్బో, పొగరు!" అని వెనకాల గొణుగుళ్లు. అవునా?

అయితే బాపుగారిని తలుచుకోండి. గోదావరి గడ్డన పుట్టిన ఆ దర్శకుడు మాటల్లో పరమ పొదుపరి. ఆ లోటు తీర్చే పూచీ నేస్తం ముళ్లపూడి వెంకటరమణగారిది! 1967లో తొలి చిత్రం 'సాక్షి'ని పులిదిండి పల్లెకు వెళ్లి తీశారాయన. 1973లో 'అందాలరాముడు' కథను లాంచీ ఎక్కించి, గోదావరి మీద భద్రాచలం దారి పట్టించారు. ఆయన నోరు విప్పి చెప్పనిది ఏటి మలుపులూ, ఇసుకతిన్నెలూ చెప్పాయి.

ఈ వ్యాసకర్తా ఆ బాపతే లెండి. కాలేజీ రోజుల్లో ఉన్న ఒక్క స్నేహితుడితోనూ మాటపట్టింపు వచ్చింది. తప్పు నాదే. ఆ ముక్క చెప్పడానికి వారం రోజులు నోరు రాలేదు. చివరికి ఇద్దరం రాజమండ్రిలో రేవు మెట్ల మీద కూచున్నాం. గంటసేపు ఒక్క మాట లేదు. పొద్దుగూకాక "టీ తాగుదామా?" అన్నాడు వాడు. అంతే, సర్దుకుంది!

ఏరు "ఏం, మాట్లాడవేం?" అని నిలదీయదు. మాట వచ్చేదాకా ఆగుతుంది. ఈ ఆదివారం మ్యాట్నీ మానేసి ఏ గట్టుకో, గుట్టకో వెళ్లి చూడండి. పొగరన్నవాణ్ణి కూడా వెంటబెట్టుకెళ్లండి!