చూపు నేర్చునది మెదడు

కన్ను గ్రహించిన వెలుగు సంకేతములుగా మారి నాడుల ద్వారా మెదడు వెనుక భాగమును చేరినప్పుడే రూపము తెలియును. ఈ మార్గము పసితనమున వాడుకవలననే బలపడును. హ్యూబెల్, వీసెల్ అను శాస్త్రజ్ఞులు పిల్లికూనల కన్నొకటి కొన్ని వారములు మూసియుంచి తెరువగా, కన్ను బాగుగనే యున్నను మెదడు దాని చూపును గ్రహింపజాలకపోయెను. వారికి 1981లో నోబెల్ బహుమతి లభించినది.

మెల్లకన్నుగల బిడ్డలలోను మెదడు ఆ కంటి చూపును త్రోసిపుచ్చవచ్చును. క్రమముగా చూపు మందగించును. కావున మెల్లను అదృష్టచిహ్నమని ఉపేక్షింపరాదు. వైద్యుని సలహాపై తగిన కళ్లజోడు పెట్టి, బాగున్న కంటిని రోజుకు కొన్ని గంటలు మూసి, మందకంటికి పని కల్పింపవలెను. ఏడేండ్లలోపు ఆరంభించినచో ఫలితము మెండు. పంచాయతీ సభ్యులు గ్రామములోని పసిబిడ్డలందరికిని, బడిలో చేరునాటికే, ఒక్కొక్క కంటిని విడివిడిగా పరీక్ష చేయింప పూనుకొనవలెను.