మోటారు కాలితే ముందు జాయింట్లు చూడండి



నేను హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండలో ఉంటాను. మా ఇంటికి దగ్గర్లో మోటార్లు రీవైండింగ్ చేసే చిన్న షాపు ఉంది. ఎండాకాలం వచ్చిందంటే ఊళ్ల నుంచి కాలిపోయిన బోరు మోటార్లు ఆటోల్లో వచ్చి అక్కడ దిగుతాయి. ఒకరోజు ఆ మెకానిక్ ఒక రైతుతో అంటుంటే విన్నాను. “అన్నా, ఇది పోయిన నెల నేను కట్టిన మోటారే. వైండింగ్ తప్పు కాదు. నీ స్టార్టర్ కాడ రాగి వైరుకు అల్యూమినియం వైరు మెలిపెట్టి ఉంటది, పోయి చూడు.” రైతు కాసేపు ఆలోచించి, “నిజమే, వైరు సాలక నేనే కలిపిన” అన్నాడు. మూరెడు వైరు దగ్గర చేసిన పొదుపు రెండుసార్లు రీవైండింగ్ ఖర్చు పెట్టించింది. ఈలోగా పంట ఎండింది.

ఏ వస్తువులో కరెంటు సులువుగా పోతుంది, ఏది ఆపుతుంది అన్నది తెలిస్తే ఇలాంటి నష్టం చాలావరకు తప్పుతుంది. ప్రాణాపాయం కూడా తప్పుతుంది.

రాగి, అల్యూమినియం, వెండి

లోహాలన్నిటిలో కరెంటు అతి సులువుగా పోయేది వెండిలో. మా శాలిబండ నుంచి చార్మినార్ వైపు వెళితే మిఠాయిల మీద అద్దే వెండి రేకు కనిపిస్తుంది. ఆ వెండే మీ స్టార్టర్‌లోని కాంటాక్టు పాయింట్ల మీద కూడా మిశ్రమ రూపంలో ఉంటుంది. పాయింట్లు కాస్త నల్లబడగానే గరుకు కాగితంతో రుద్దకండి. ఆ నలుపు వల్ల పెద్దగా నష్టం లేదు. రుద్దితే మాత్రం వెండి పొర పోతుంది. గుంతలు పడి అరిగిపోతే పాయింట్లు మార్చండి.

వెండి తర్వాత రాగి, ఆ తర్వాత అల్యూమినియం. అల్యూమినియంలో అడ్డు రాగి కంటే సుమారు 1.6 రెట్లు ఎక్కువ. అందుకే 2.5 చదరపు మి.మీ. రాగి వైరు చేసే పనికి అల్యూమినియం అయితే 4 చదరపు మి.మీ. వైరు కావాలి. ఇనుములో అడ్డు రాగి కంటే దాదాపు ఆరు రెట్లు. ఇనుప తీగతో లైను లాగడం అసలు పనికిరాదు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. మీ 5 హెచ్‌పీ మోటారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది, స్తంభం నుంచి బోరు 300 మీటర్లు ఉంది అనుకుందాం. 2.5 చదరపు మి.మీ. రాగి వైరు వేస్తే దారిలో సుమారు 25 వోల్టులు పోతాయి. అదే సైజు అల్యూమినియం వేస్తే సుమారు 40 వోల్టులు పోతాయి. అంటే 415 వోల్టులు బయలుదేరినా మోటారుకు అందేది 375 మాత్రమే. వోల్టేజీ తగ్గితే మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. దూరం పెరిగే కొద్దీ వైరు లావు పెంచాలి.

జాయింట్ ఎందుకు కాలుతుంది?

స్తంభాల మీద తీగ సాధారణంగా అల్యూమినియం, మోటారు కేబుల్ రాగి. ఇవి రెండూ ఎక్కడో ఒకచోట కలవక తప్పదు. అల్యూమినియం మీద గాలి తగలగానే పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొర కరెంటును ఆపుతుంది. పైగా రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. వేడికి అది రాగి కంటే ఎక్కువ సాగుతుంది, చల్లారాక జాయింట్ వదులవుతుంది.

అలా వదులైన చోట అడ్డు ఒక్క ఓమ్ ఉన్నా, 7.5 ఆంపియర్లకు 56 వాట్ల వేడి పుడుతుంది. టంకం వేసే కడ్డీ అంత వేడి అది. చివరికి జాయింట్ తెగి ఒక ఫేజ్ పోతుంది. మిగిలిన రెండు ఫేజుల మీదే మోటారు తిరగబోయి వైండింగ్ మాడిపోతుంది.

అందుకే రాగిని, అల్యూమినియాన్ని నేరుగా మెలిపెట్టకండి. రెండు లోహాలకూ పనికొచ్చే బైమెటల్ లగ్గు వేసి గట్టిగా నొక్కించండి. స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పని చేస్తుందో లేదో చూపించుకోండి. ఫ్యూజులో సరైన గేజు తీగే వాడండి. దాని పనే ముందుగా కరిగి మోటారును కాపాడటం. లావు తీగ చుడితే ఫ్యూజు మిగులుతుంది, మోటారు పోతుంది.

కరెంటును ఆపే వస్తువులు

రబ్బరు, పీవీసీ, పింగాణీ కరెంటును ఆపుతాయి. కానీ వేడి ఎక్కువైతే పీవీసీ మెత్తబడుతుంది, ఎండకు పగులుతుంది. బోరులోకి దించే జాయింట్‌కు ప్లాస్టిక్ సంచి ముక్క చుట్టి సరిపెట్టకండి. ముందు సాగే రబ్బరు టేపు, దానిపై పీవీసీ టేపు బిగువుగా చుట్టాలి. ఎండు కర్ర కరెంటును ఆపుతుంది. అదే పచ్చి కర్ర, తడిసిన కర్ర అయితే కరెంటు దాటుతుంది.

తడి చేయి, ఎర్త్

మన చర్మం పొడిగా ఉన్నప్పుడు కరెంటుకు బాగానే అడ్డుపడుతుంది. తడిస్తే ఒంటి అడ్డు వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. అప్పుడు 230 వోల్టులు తగిలితే ఒంట్లో 230 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. 30 మిల్లీ ఆంపియర్లు దాటినా ప్రమాదమే. మడిలోంచి తడి కాళ్లతో వచ్చి ఇనుప స్టార్టర్ డబ్బా ముట్టుకున్నవాళ్లు ఎందుకు చనిపోతున్నారో దీన్ని బట్టి అర్థం చేసుకోండి.

డబ్బాలోకి లీకైన కరెంటు మీ ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవడానికే ఎర్త్. 2.5 మీటర్ల జీఐ పైపు పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి నీళ్లు పోయాలి. పొడి మట్టి కరెంటుకు అడ్డు, తేమ, ఉప్పు ఉంటే దారి. నల్లరేగడి కంటే ఎర్ర చెల్కలో, రాతి నేలలో ఎర్త్ త్వరగా బలహీనపడుతుంది. ఎండాకాలంలో తరచుగా నీళ్లు పోయండి. మూడు ఫేజుల మోటారుకు రెండు వేర్వేరు ఎర్త్‌లు ఉండాలి. న్యూట్రల్ తీగను ఎర్త్‌గా ఎప్పుడూ వాడకండి.

ఈ వారంలో చేయవలసినవి

1. స్టార్టర్ దగ్గర రాగి, అల్యూమినియం కలిసిన జాయింట్లను లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించండి.
2. ఎర్త్ తీగ తెగిందేమో చూపించుకోండి, గుంతలో నీళ్లు పోయండి.
3. ఫ్యూజులో ఉన్న తీగ గేజు సరైనదో కాదో అడగండి.
4. స్టార్టర్ దగ్గర ఎండు చెక్క పీట వేసుకోండి. చేతులు తుడుచుకొని, చెప్పులు వేసుకొనే బటన్ నొక్కండి.

తీగ తెగి పడితే దగ్గరికి పోకుండా 1912కు ఫోన్ చేయండి. ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ ఆపండి, తర్వాతే మనిషిని ముట్టుకోండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మీరే వేయడానికి ప్రయత్నించకండి. లైన్‌మన్ వచ్చేదాకా ఒక పూట ఆగితే ఒక తడి ఆలస్యమవుతుంది, అంతే. మోటారు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, ఇంటి పెద్ద పోతే ఆ ఇంటిని ఎవరు చూస్తారు?