చెయ్యి వణికినా వీడియో వణకకూడదంటే... మీకు తెలుసా?

● పుస్తకాన్ని కళ్ల ముందు పట్టుకుని, తలను అటూ ఇటూ గబగబా ఊపండి. అక్షరాలు చదవగలుగుతారు. ఇప్పుడు తల కదపకుండా పుస్తకాన్ని అంతే వేగంగా ఊపండి. అన్నీ అలికేసినట్టు అయిపోతాయి! తల ఎటు తిరిగితే కళ్లను దానికి ఎదురు దిక్కుకు తిప్పించే ఏర్పాటు మన లోపలి చెవిలో ఉంది. కెమెరాకు ఆ చెవి లేదు. కెమెరాను మోటార్లతో నిలకడగా పట్టే పరికరం గింబల్. అందులో కదలికను పసిగట్టే జైరో సెన్సర్ ఆ చెవి పని చేస్తుంది, మోటార్లు కంటి కండరాల పని చేస్తాయి.

● దొమ్మరాటలో తాడు మీద నడిచేవాళ్ల చేతిలో పొడవాటి గడ చూసే ఉంటారు. బరువు ఒకచోట పోగుపడకుండా దూరదూరంగా ఉంటే వస్తువు తొందరపడి తిరగదు. అమెరికా కెమెరామన్ గారెట్ బ్రౌన్ 1970లలో స్టెడీక్యామ్ తయారుచేసింది ఈ కిటుకుతోనే. కడ్డీకి ఒక కొసన కెమెరా, మరో కొసన బ్యాటరీ, మానిటర్. ఆ బరువును స్ప్రింగు చెయ్యి, ఒంటికి కట్టుకునే జాకెట్ మోస్తాయి. పనితనం చూపడానికి ఆయన ఫిలడెల్ఫియా మ్యూజియం మెట్ల మీద తన స్నేహితురాలిని పరుగెత్తించి తీశాడు. దర్శకుడు జాన్ ఎవిల్డ్‌సెన్ అది చూశాడు. ఆయన తీసిన 'రాకీ' (1976)లో హీరో ఎక్కినవి ఆ మెట్లే. మన తెరమీద 1989 నాటి 'శివ'లో స్టెడీక్యామ్ వాడారు.

● 'రిటర్న్ ఆఫ్ ది జెడై' (1983) సినిమాలో అడవి చెట్ల మధ్య దూసుకుపోయే బైకుల వేగం గుర్తుందా? దాని కోసం బ్రౌన్ స్టెడీక్యామ్‌తో ఆ దారిలో నడిచాడు, అంతే. సెకనుకు ఒక ఫ్రేమ్ కూడా పడనంత నిదానంగా తీసి, 24 ఫ్రేముల వేగంతో చూపించారు.

● మూడు మోటార్ల గింబల్ కెమెరా పక్కకు తిరగడాన్ని, పైకీ కిందికీ వంగడాన్ని, ఒరగడాన్ని ఆపుతుంది. అడుగు అడుగుకూ కెమెరా మొత్తంగా పైకి లేచి దిగడాన్ని మాత్రం ఆపలేదు! స్టెడీక్యామ్‌లో ఆ పని స్ప్రింగు చెయ్యిది, గింబల్‌తో అయితే మన మోకాళ్లదే. నిండు బిందె నెత్తిన పెట్టుకుని చుక్క తొణకకుండా నడిచే ఆవిడను గమనించండి. మోకాళ్లు కాస్త వంచి, మడమ ముందు ఆనించి, పాదాన్ని మెల్లగా పరిచే నడక అది. గింబల్ కొనే ముందు ఒక వారం ఆ నడక సాధన చేయమని నా సలహా.

● కొనేటప్పుడు అందరూ గింబల్ ఎంత మోస్తుందో అడుగుతారు. మీ చెయ్యి ఎంత మోస్తుందో కూడా చూసుకోండి. సోనీ ఏ7 ఫోర్ 658 గ్రాములు, దాని 24-70 జీఎం టూ లెన్స్ 695 గ్రాములు, డీజేఐ ఆర్ఎస్ 3 మినీ గింబల్ సుమారు 795 గ్రాములు. మొత్తం రెండు కిలోలు దాటింది. పెళ్లిలో జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా చేతులు చాచి పట్టుకోవాలంటే భుజాలు లాగేస్తాయి. ఒకేచోట నిలబడి తీసే పెళ్లికి ఒంటికాలి స్టాండు, అంటే మోనోపాడ్, ఎంతో నయం. బరువు మోయడమంటే ఇదీ: 'రష్యన్ ఆర్క్' కోసం 2001 డిసెంబరు 23న కెమెరామన్ టిల్మన్ బ్యూట్నర్ స్టెడీక్యామ్ కట్టుకుని, రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఒకే షాట్‌గా 96 నిమిషాల సినిమా తీశాడు. మూడుసార్లు మధ్యలో ఆగిపోయి, నాలుగోసారి పూర్తయింది. ఆ మనిషి ఓపికకు దండం పెట్టాలి.

● ఫోన్‌లోని ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఫ్రేము అంచులు కత్తిరించి, మిగిలిన బొమ్మను జరిపి కుదుటపరుస్తుంది. పగలు బాగుంటుంది. రాత్రి షట్టర్ ఎక్కువసేపు తెరుచుకోవడంతో చెయ్యి కదిలినప్పుడల్లా ప్రతి ఫ్రేమూ ముందే చెదిరి ఉంటుంది. దాన్ని ఎంత జరిపినా ఆ చెదురు పోదు. దీపాలు ఉండుండి జలదరించినట్టు కనిపిస్తాయి.

● గింబల్‌ను ఆన్ చేయకముందే కెమెరాను ఎటు వంచి వదిలినా అక్కడే నిలిచేలా సరిచూసుకోవాలి. లేకపోతే బరువంతా మోటార్లు లాగుతాయి, వేడెక్కుతాయి, బ్యాటరీ తొందరగా అయిపోతుంది.

● బైకు హ్యాండిల్‌కు ఫోన్ బిగించి వీడియో తీస్తున్నారా? వణుకును ఆపడానికి ఫోన్ లెన్స్‌ను కదిలించే ఆ సన్నటి యంత్రాంగాన్నే పెద్ద ఇంజన్ల అదురు పాడుచేయవచ్చని ఆపిల్ 2021లో ఐఫోన్ వాడేవాళ్లను హెచ్చరించింది. స్కూటర్ అయినా సరే, అదురు పీల్చే మౌంట్ వాడమంది.