జొన్న తప్పా, నీళ్ల తప్పా? నల్లగొండ ఫ్లోరోసిస్ నేర్పే లెక్క

జొన్న గటక తింటే ఎముకలు గట్టిపడతాయని ఒక వీడియో. ఫ్లోరైడ్ ఊళ్లలో జొన్న తింటే కాళ్లు వంకర పోతాయని ఇంకో వీడియో. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు రైతు ఏది నమ్మాలి? జొన్న మళ్లీ వేయాలా, పిల్లలకు పెట్టాలా? ఇది చెప్పాలంటే ముందు ఒక రోగానికి ఇదే కారణమని ఎట్లా తేలుస్తారో తెలియాలి.

జొన్న మీద అనుమానం ఎట్లా వచ్చింది?

నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఇక్కడి రాళ్లలోంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు.

1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఇంకో సంగతి బయటపెట్టారు. ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంకర పోతున్నాయని లాన్సెట్ పత్రికలో రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్ పాతదే కదా, మరి ఈ వంకర ఎక్కడిది? అందరి చూపూ తిండి మీద, జొన్న మీద పడింది.

రెండిళ్లను పోలిస్తే సరిపోదు

జొన్న తినే ఇంటినీ వరి తినే ఇంటినీ పోలిస్తే తేలిపోదా? తేలదు. అప్పట్లో మెట్టలో జొన్న పేదవాళ్ల తిండి. జొన్న తినేవాళ్లే ఎండలో కూలికి పోయేది, ఎక్కువ నీళ్లు తాగేది. వాళ్లకే పాలు తక్కువ, అంటే కాల్షియం తక్కువ. కాళ్లు వంకర పోయింది జొన్న వల్లనా, నీళ్ల వల్లనా, పేదరికం వల్లనా? మూడూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

విడదీయాలంటే నీళ్లు, వయసు, పని ఒకే తీరుగా ఉండి తిండి మాత్రం వేరైన వాళ్లను పోల్చాలి. ఇంకా మంచి దారి, ఎవరికి ఏ తిండి పెట్టాలో పరిశోధకులే నిర్ణయించి కొలవడం. జొన్న భోజనాన్ని, వరి భోజనాన్ని పోల్చి చూసి, జొన్న మీద ఉన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తోందని లక్ష్మయ్య, శ్రీకంఠయ్య 1977లో ప్రచురించారు. అంటే జొన్నకూ కొంత పాత్ర ఉంది. కానీ నిలవాలంటే ముందు ఫ్లోరైడ్ లోపలికి రావాలి కదా! అది వచ్చేది ముఖ్యంగా నీళ్లతోనే.

జొన్నలన్నీ ఒకటి కూడా కాదు. గింజలో మాలిబ్డినం ఎక్కువైతే ఒంట్లోని రాగి ఎక్కువగా బయటికి పోతుందని అదే సంస్థ చూపింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఊట పెరిగి, నేల గుణం మారి, గింజలో మాలిబ్డినం పెరిగిందేమోనన్న అనుమానం అప్పట్లోనే వచ్చింది.

పాలమూరు వలస చెప్పే పాఠం

ఎండాకాలంలో మహబూబ్‌నగర్ పల్లెలో సర్వే చేస్తే ఎవరు దొరుకుతారు? ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు వలస పోతారు, నడవలేనివాళ్లు ఊళ్లో ఉంటారు. ఉన్నవాళ్లనే లెక్కేస్తే రోగం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. వలస పోయినవాళ్లు ఏడాదిలో సగం వేరే చోటి నీళ్లు తాగారు. వాళ్లను ఈ ఊరి బోరు ఖాతాలో రాసినా తప్పే. అందుకే ఎవరు ఎక్కడ, ఎన్నేళ్లు, ఏ నీళ్లు తాగారో అడగాలి. పళ్ల మీద గార చూసే డాక్టరుకు ఆ పిల్లవాడు ఏ నీళ్లు తాగాడో ముందే తెలియకూడదు. తెలిస్తే, ఆయనకు తెలియకుండానే చూపు ఒక వైపు మొగ్గుతుంది.

మన వీడియోలకూ ఇదే గీటురాయి

"ప్రకృతి సాగు తిండి మొదలుపెట్టాక మోకాళ్ల నొప్పులు పోయాయి" అని ఎవరైనా చెబితే సంతోషమే. కానీ మూడు సంగతులు అడగండి:

- అదే ఏడాది ఇంటికి మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయా?
- నొప్పి బాగా ముదిరినప్పుడు మొదలుపెట్టారా? అట్లాంటి నొప్పి కొన్నాళ్లకు దానంతటదే కొంత తగ్గుతుంది.
- అదే తిండి తిన్నా తగ్గనివాళ్లు ఎంతమంది? వాళ్లు వీడియోలో ఉన్నారా?

నీళ్లు మారినందుకు ఫలితం చూడాలంటే పిల్లల పళ్లు చూడండి. గార పట్టేది పళ్లు తయారయ్యే వయసులోనే, సుమారు ఎనిమిదేళ్లలోపు. మంచి నీళ్లు వచ్చాక పుట్టిన చిన్నోడి పళ్లను అన్న పళ్లతో పోల్చండి. ఇల్లు అదే, అమ్మానాన్నలు వాళ్లే. ఒక్క ఇల్లు కాదు, ఊళ్లో చాలా ఇళ్లు చూస్తే లెక్క గట్టిపడుతుంది. పెద్దవాళ్ల వంకర ఎముకలు మాత్రం ఏ తిండితోనూ తిరిగి సాపు కావు. అట్లా చెప్పి ఆశ పెట్టకండి.

మరి జొన్న? వేయండి, తినండి. కానీ ముందు మీ నీళ్లు పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. భగీరథ నీళ్లు వస్తుంటే తాగడానికి, వంటకు అవే వాడండి, బోరు నీళ్లు వద్దు. వీడియో చూశాక మీ ఊరి సంగతి కామెంట్‌లో రాయండి. ఏ నీళ్లు, ఎన్నేళ్లుగా తాగుతున్నారో కూడా రాయడం మరవకండి.