మార్పులేని ఫీల్డునకు తొలి విలువ

విద్యార్థి జన్మసంవత్సరము పాఠశాల రిజిస్టరులో ఎక్కిన పిమ్మట మారరాదు. కంప్యూటరు ప్రోగ్రాములందును ఇట్టి విలువలు కలవు. జావా భాషలో ఒక విద్యార్థి వివరములను కూర్చి ఉంచిన దానిని ఆబ్జెక్టు అనియు, అందలి ఒక్కొక్క అంశమును ఫీల్డు అనియు, ఆబ్జెక్టునకు నమూనాయైన దానిని క్లాసు అనియు అందురు. ఫీల్డునకు ముందు ‘ఫైనల్’ అను పదము చేర్చినచో, ఒకసారి ఇచ్చిన విలువ మరల మారదు.

మరి ఆ తొలి విలువ ఎప్పుడు ఈయవలెను? ఫీల్డును ప్రకటించిన చోటనే ఈయవచ్చును. కాని అందరి జన్మసంవత్సరము ఒకటి కాదు గదా! అందుచే 1997లో వెలువడిన జావా 1.1 నుండి, ఫీల్డును ఖాళీగా విడిచి, ఆబ్జెక్టును నిర్మించు కన్‌స్ట్రక్టరులో విలువ నిచ్చు వీలు కలిగినది. నియమ మిది: నిర్మాణము ఏ దారిని సాగినను, అది ముగియులోగా సరిగా ఒక్కసారి విలువ నీయవలెను. షరతు నెగ్గిన దారిలో ఇచ్చి, నెగ్గని దారిలో మరచినను, ఒకే దారిలో రెండుమారు లిచ్చినను, ప్రోగ్రామును ముందుగా పరీక్షించు కంపైలరు అంగీకరింపదు.

అయినను ఒక చిక్కు కలదు. విలువ నీయకముందు సంఖ్యల ఫీల్డులో సున్న ఉండును. ‘విద్యార్థి’ క్లాసు ‘వ్యక్తి’ అను క్లాసు నుండి పుట్టినదనుకొనుడు. చిరకాలము ‘వ్యక్తి’ కన్‌స్ట్రక్టరు ముగిసిన తరువాతనే ‘విద్యార్థి’ ఫీల్డులకు విలువ లీయ వీలుండెడిది. ఈలోగా ‘వ్యక్తి’ కన్‌స్ట్రక్టరు వయస్సును లెక్కింపజేసినచో, జన్మసంవత్సరము సున్నయై, బాలుని వయస్సు రెండువేల యేండ్లు దాటును! కంపైలరు దీనిని పట్టజాలదు. 2025లో వచ్చిన జావా 25, ‘వ్యక్తి’ కన్‌స్ట్రక్టరును పిలుచుటకు ముందే ఆ విలువ నిచ్చు వీలు కల్పించినది. మారని విలువ, చూచువారికంటె ముందే సిద్ధముగా ఉండవలెను.