వీణ ఇంట్లో పలకాలంటే

మంచి యాంప్లిఫయర్, స్పీకర్లు కొన్నాక ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. పాటను దేని నుంచి వినిపించాలి? ఫోన్ నుంచా, సీడీ నుంచా, స్ట్రీమింగ్ నుంచా? తేల్చుకోవడానికి బొబ్బిలివారికి చేతికందే పరీక్ష వీణే.

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు పనస మొద్దును తొలిచి చేసే వీణకు 7 తీగలు, 24 మెట్లు. మీటగానే నాదం ఒక్కసారిగా లేచి, ఆ వెంటనే సన్నగిల్లుతూ పోతుంది. గమకమంతా ఆ సన్నగిల్లే నాదంలోనే నడుస్తుంది. బాగా కుదించిన ఎంపీ3లో దెబ్బతినేవి సరిగ్గా ఇవే. ఫైలు చిన్నదవడానికి, చెవికి అందవనుకున్న వివరాలను ఎంపీ3 వదిలేస్తుంది. దాంతో మీటులో పదును తగ్గుతుంది, చివరి నాదం పలచబడుతుంది. సెకనుకు 320 కిలోబిట్ల ఎంపీ3లో ఈ తేడా పట్టడం చాలామందికి కష్టం. 128కి దిగితే బయటపడే అవకాశం ఎక్కువ.

1982లో అమ్మకానికి వచ్చిన సీడీలో ఈ కోత లేదు. అది శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు, 16 బిట్లలో కొలిచి దాచుకుంటుంది. అలా కొలిస్తే దాదాపు 22,000 హెర్ట్జ్ వరకు శబ్దం నిలుస్తుంది. మనిషి చెవికి వినిపించేది సుమారు 20,000 వరకే. ఫ్లాక్ ఫైలు ఇదే సమాచారాన్ని ఒక్క బిట్టూ పోకుండా ఇంచుమించు సగం చోటులో సర్దుతుంది. అయితే ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చినంత మాత్రాన పోయినది తిరిగి రాదు.

మరి సీడీని మించిన కొలతలతో, 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అంటూ ఎక్కువ ధరకు అమ్మేవి? ఆ అంకెలు రికార్డింగ్, మిక్సింగ్ చేసేవారికి అక్కరకొస్తాయి. వినేవారికి ఒరిగేది తక్కువ. విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి 78 ఆర్‌పీఎం రికార్డులనే తీసుకోండి. ఆ ప్లేట్లకు ఎక్కని పైస్థాయి శబ్దాలను ఏ అంకే తీసుకురాలేదు. ప్లేటును శుభ్రం చేసి, తగిన ముల్లుతో, సరైన వేగంతో డిజిటల్‌లోకి ఎక్కించినవారి శ్రద్ధే అక్కడ నాణ్యత.

ఇక కలిపే దారి. మామూలు బ్లూటూత్ పాటను మళ్లీ కుదిస్తుంది. కబుర్ల మధ్య వినడానికి అది చాలు, కూర్చుని వినడానికి తీగే మేలు. ఫోనుకో ల్యాప్‌టాప్‌కో యూఎస్‌బీ తీగతో ఒక డాక్ తగిలించండి. డిజిటల్ అంకెలను యాంప్లిఫయర్‌కు అర్థమయ్యే విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పెట్టె అది. స్ట్రీమింగ్ వాడేవారు సెట్టింగులలో లాస్‌లెస్, అంటే కోత లేని రకం, ఎంచుకోవాలి. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచి దీన్ని అదనపు ధర లేకుండానే ఇస్తోంది. నెట్ నిలకడగా లేని ఊళ్లలో ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం మంచిది.

సీడీ స్థాయి పాట, మామూలు డాక్, ఒక తీగ. ఇల్లు నిండా సంగీతానికి ఇవి చాలు. మిగిలిన డబ్బు స్పీకర్లకూ, మంచి రికార్డింగులకూ పెట్టండి.